కరెంటా, లైటా

ఫిబ్రవరి 3
క్లినిక్‌కి లేజర్ మెషీన్ వచ్చింది. 808 నానోమీటర్లు. 500 మిల్లీవాట్లు, అంటే అర వాటు. దేవుడి గదిలో జీరో బల్బు అంతకంటే ఎక్కువ తింటుంది.

రెప్ బ్రోషర్ తిప్పి చూపించాడు. మెడ నుంచి మడమ దాకా అన్నీ ఉన్నాయి. మొటిమలు కూడా. మొటిమల బొమ్మ మీద వేలు పెట్టాను. "దానికి వేరే ప్రోబ్ మేడమ్" అన్నాడు.

"లోపలికి ఎంత దూరం వెళ్తుంది?"

"పది సెంటీమీటర్లు మేడమ్."

నా మణికట్టు మందం నాలుగు లేదు. అటు పక్కన కూర్చున్నవాళ్లకి కూడా తగ్గుతుందన్నమాట.

ఫిబ్రవరి 5
గుంటూరులో ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడం. ఐఎఫ్‌టీ అయినా అల్ట్రాసౌండ్ అయినా కరెంటే. వేళ్లకి వేడి మైనం పెడితే దాన్ని మాత్రం మైనం అంటారు. ఇప్పుడు తలుపు తీసీ తీయగానే ప్రశ్న: కరెంటా, లైటా?

లైటుకి వంద ఎక్కువ. అందుకని అదే మంచిదని తేల్చేసుకున్నారు.

ఫిబ్రవరి 6
"వెలగట్లేదమ్మా."

808 కంటికి కనిపించదు. గురి కోసం పక్కన ఓ ఎర్ర చుక్క పెట్టాడు కంపెనీవాడు. ఆ చుక్క చర్మం మీద పడ్డాకే పేషెంటు ఒళ్లు వదులు చేస్తుంది. అసలు లైటు అది కాదని నేను చెప్పడం లేదు.

పరిశోధనల్లో ఉత్తుత్తి లేజర్ ఇచ్చేటప్పుడు ఇదే వాడతారు. చుక్క వెలుగుతుంది, అసలుది ఆపేస్తారు. రోగికి తెలియదు. ఇచ్చేవాళ్లకీ తెలియకూడదు.

ఫిబ్రవరి 10
మాస్టారు. కుడి మోకాలు. సైన్సు చెప్పి రిటైరయ్యారు. బల్ల మీద పడుకోరు. కూర్చునే పెట్టించుకుంటారు, చూడాలి కాబట్టి.

"లోపల ఏం చేస్తుందమ్మా ఇది?"

చెప్పాను. కణంలో మైటోకాండ్రియా. అందులో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము. ఎర్ర కాంతినీ, దాన్ని ఆనుకుని ఉండే పరారుణాన్నీ అది పీల్చుకుంటుంది. దానికి అంటుకుని పని ఆపుతున్న నైట్రిక్ ఆక్సైడ్ ఊడిపోతుందని ఒక వాదన. ఏటీపీ పెరుగుతుంది. వాపు పుట్టించే సరుకు, ప్రోస్టాగ్లాండిన్లూ టీఎన్ఎఫ్ ఆల్ఫా లాంటివి, తగ్గుతుంది. మోతాదు పెంచితే నొప్పి మోసే సన్న నరాలు కాసేపు మందగిస్తాయి.

"రుజువయిందా?"

"సగం."

"మరి ఫీజు సగం తీసుకుంటావా?"

పూర్తిగానే తీసుకున్నాను.

ఫిబ్రవరి 12
బుడాపెస్ట్, 1967. ఎండ్రె మెస్టర్ అనే డాక్టరు చిట్టెలుకల వీపు గొరిగి రూబీ లేజర్ పెట్టి చూశాడు. పెట్టినవాటికి వెంట్రుకలు త్వరగా మొలిచాయి. ఈ వైద్యమంతా అక్కడి నుంచి వచ్చిందే. ఆ తర్వాత పుండ్ల మీదకి వెళ్లాడు.

మాస్టారు విన్నారు. ప్రోబ్ వంక చూశారు. తల తడుముకున్నారు.

ఫిబ్రవరి 16
మిరప సీజన్ మొదలైంది. చిలకలూరిపేట రోడ్డు నిండా లారీలు. మిర్చి యార్డులో బస్తాలు, అదే టిక్కీలు, దిగుతున్నాయి. వాటితోపాటు నాకు మణికట్లు.

తొడిమలు తీసేవాళ్లు. తాలుకాయలు ఏరేవాళ్లు. అందరికీ కుడి బొటనవేలి మొదట్లోనే వాపు. బొటనవేలు పిడికిట్లో పెట్టుకుని చెయ్యి చిటికెనవేలి వైపు వంచమంటే కేక. డి క్వెర్వేన్. స్విట్జర్లాండు సర్జన్, 1895లో రాశాడు. ఆయన పేరు పలికితే వీళ్లు నవ్వుతున్నారు. "నరం తొడుగు వాచింది" అంటే సరిపోతుంది. అది నరం కాదు, కండర తాడు. అదీ చెప్పడం లేదు.

తుమ్ములు నాకు. ఘాటు వాళ్ల చీరల్లోంచి వస్తుంది. ఏసీ వేస్తే గదంతా తిరుగుతుంది. ఆపేశాను.

ఫిబ్రవరి 18
ఒకామె మణికట్టు మీద ప్రోబ్ పెట్టీ పెట్టగానే "మంటమ్మా" అంది. తీసేశాను. నా చేతి మీద పెట్టుకు చూశాను. గోరువెచ్చన కూడా లేదు. మళ్లీ పెట్టాను. మళ్లీ మంట. సబ్బుతో రెండుసార్లు కడుక్కొచ్చానంది. వాసన చూడమని చెయ్యి చాపింది. పైన సబ్బు. కింద మిరప.

కాప్సైసిన్ నీళ్లకి పోదు. నూనెకి పోతుంది. వేడినీ, ఆ కారాన్నీ నరాల చివర పట్టుకునేది ఒకటే గ్రాహకం, టీఆర్‌పీవీ1. మామూలుగా 43 డిగ్రీల దగ్గర మేలుకుంటుంది. కారం తగిలి ఉంటే ఇంకా కిందనే మేలుకుంటుంది. కాప్సైసిన్ సాయంతో దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది, ఇంకొకాయనతో కలిపి.

అసిస్టెంటు పిల్లని కిందకి పంపి కొట్లో వేరుశెనగ నూనె తెప్పించాను. దూదితో మణికట్టు తుడిచాను. గోళ్ల సందులు కూడా. దూది నారింజ రంగుకి తిరిగింది. ఇంకో దూది. అదీ తిరిగింది. మూడోది తెల్లగా వచ్చింది. పొడి గుడ్డతో నూనె తీసి లైటు పెట్టాను. మంట లేదు.

"నూనెకే హాయిగా ఉంది కదమ్మా. ఇక లైటెందుకు?"

నూనె సీసా ఇప్పుడు మెషీన్ పక్కనే ఉంటుంది.

ఫిబ్రవరి 20
రూలు ప్రకారం గదిలో ఉన్న అందరికీ ప్రత్యేకమైన కళ్లద్దాలు ఉండాలి. కంపెనీవాడు రెండు జతలే ఇచ్చాడు. ఒకటి నాకు, ఒకటి పేషెంటుకి. తోడొచ్చినవాళ్లు బయటికి. కోడల్ని వెళ్లమన్నాను. వెంటనే వెళ్లిపోయింది.

"చెప్పిన మాట ఇంత తొందరగా ఎన్నడూ వినలేదు" అంది అత్తగారు, అద్దాల్లోంచి తలుపు వైపు చూస్తూ.

ఫిబ్రవరి 24
హమాలీ. కుడి భుజం. టిక్కీ నలభై కిలోల పైమాటే, రోజుకి ఎన్ని ఎత్తుతాడో లెక్క పెట్టుకోడు. కూలి లెక్క మేస్త్రి చూసుకుంటాడు.

"పవర్ పెంచండి మేడమ్. తట్టుకుంటా."

ఇది తట్టుకునే సంగతి కాదన్నాను. తక్కువైతే పని చేయదు. ఎక్కువైతే చేసిన పనీ పోతుంది. కణాల మీద చేసిన ప్రయోగాల్లో ఇది పదే పదే కనిపించింది. ఆర్న్‌ట్ షుల్జ్ సూత్రం అంటారు. చాలాసేపు చెప్పాను.

"యూరియా లాగా" అన్నాడు. ఊళ్లో రెండెకరాల మిరప ఉందట.

అవునన్నాను.

"అయినా కొద్దిగా పెంచండి."

మార్చి 2
అత్తయ్యకి కీళ్లవాతం. పొద్దున్న వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. కాఫీ గ్లాసు పట్టుకోవడానికి గంట పడుతుంది. అప్పటిదాకా స్టీలు గిన్నెలో పోసుకుని రెండు చేతులతో తాగుతుంది.

2005లో కాక్రేన్ వాళ్లు ఈ జబ్బు మీద లేజర్ పరిశోధనలన్నీ కలిపి చూశారు. ఉత్తుత్తి దానితో పోలిస్తే నొప్పి పది పాయింట్ల స్కేలు మీద 1.1 తగ్గింది. పొద్దుటి బిగుతు 27.5 నిమిషాలు తగ్గింది. కొన్ని వారాలపాటు, అంతే. ఆ అర నిమిషం ఎవరు కొలిచారో.

"గంటలో అరగంట పోతుందా? పెట్టు మరి" అంది. తర్వాత అసలు మాట. "అయితే ఆదివారం మాత్ర మానేయొచ్చా అమ్మాయ్?"

మెథోట్రెక్సేట్. మానకూడదు. లైటు కీలు అరిగిపోకుండా ఆపదు.

"అయితే నాకొద్దు."

మార్చి 4
అత్తయ్య పెట్టించుకుంటోంది. క్లినిక్‌కి రాదు. మెషీనే రాత్రి ఇంటికి రావాలి.

మార్చి 6
మెషీన్ రెడీ అయితే బీప్ వస్తుంది. తర్వాత నేను పెడల్ తొక్కాలి. అప్పుడు లైటు.

బీప్ వచ్చింది. "అబ్బ, ఇప్పుడు హాయిగా ఉంది" అంది అత్తయ్య.

పెడల్ తొక్కాను.

మార్చి 11
నార్వే వాళ్ల పేపరు, 2006. రెండు మడమల వెనక తాళ్లూ వాచి నొప్పిగా ఉన్న ఏడుగురు. సన్నని గొట్టం తాడు పక్కనే దించి, అక్కడి ద్రవంలో ప్రోస్టాగ్లాండిన్ ఈ2 ఎంతుందో కొలుస్తూ కూర్చున్నారు. ఒక కాలికి అసలు లేజర్, ఒక కాలికి ఉత్తుత్తిది. ఏది ఏదో పెట్టేవాళ్లకీ తెలియదు. గంట దాటాక అసలు పెట్టిన వైపు తగ్గింది.

డైక్లోఫెనాక్ మాత్ర తగ్గించేది కూడా ఆ సరుకునే. మాత్ర ఒళ్లంతా తిరిగి కడుపునీ కిడ్నీనీ పలకరించి వస్తుంది. ఇది పెట్టిన చోటే.

బాగుంది. కానీ ఏడుగురు. నా ఈఎంఐ ఏడుగురి మడమల మీద నిలబడి ఉంది. పైగా వాళ్లది 904 నానోమీటర్లు. నాది 808.

మార్చి 14
లేజర్ థెరపీ వాళ్ల ప్రపంచ సంఘం ఇచ్చిన మోతాదు పట్టిక గోడకి అంటించాను. ఏ కీలుకి ఎన్ని జౌల్స్, ఎన్ని చోట్ల. రోజూ అయితే రెండు వారాలు, రోజు విడిచి రోజు అయితే మూడు నాలుగు వారాలు. వాపు అదుపులోకి వస్తే మోతాదు 30 శాతం తగ్గించొచ్చు. కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క. కాంతి ఎంత లోతుకి వెళ్తుందన్న లెక్క కాకేసియన్ల చర్మానిది.

మెలనిన్ ఎక్కువుంటే పైపైనే ఎక్కువ కాంతి ఆగిపోతుంది. పైన వేడి, లోపలికి తక్కువ. హమాలీ భుజం మీద ప్రోబ్ ఒకేచోట ఉంచితే చురుక్కుమంటుంది. పవర్ తగ్గించి టైము పెంచుతున్నాను.

ఆయన పెంచమన్నది పవరు. పెరిగింది టైము. బేరం ఇద్దరికీ నచ్చలేదు.

మార్చి 19
ఉగాది. సెలవు. పచ్చడిలో కారం ఎక్కువైందని అత్తయ్య. కాయలు పేషెంటు ఇచ్చినవి. తేజ రకం మిరప.

మార్చి 25
మంగళగిరి నుంచి మామ్మ. కుడి ముంజెయ్యి. పాత వాపు కాదు, కొత్తది. మనవడి పెళ్లికి పిండివంటలు చేసిందట.

ముంజేతి నిండా పచ్చబొట్టు. ఒక తేలు, నాలుగు చుక్కలు, మొగుడి పేరు. వయసుతోపాటు చర్మం సాగి పేరులో చివరి అక్షరం పక్కకి జారిపోయింది. సిరా కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. పచ్చబొట్టు మీద లేజర్ పెట్టకూడదు.

"నొప్పి సరిగ్గా ఎక్కడ మామ్మా?"

వేలు పెట్టి చూపించింది. పేరు మీద.

"సరిగ్గా ఆయన కిందే."

తేలుకి ఇవతల ఒక చోట. చుక్కలకీ పేరుకీ మధ్య ఖాళీలో ఒక చోట. పేరు కింద అంచు వెంబడి రెండు చోట్ల. పేరు వదిలేశాను.

"ఆయన్ని నువ్వేం చేయలేవులే" అంది.

ఏప్రిల్ 2
మెడ నొప్పికి లేజర్ మీద లాన్సెట్‌లో వచ్చింది, 2009. 16 పరిశోధనలు, 820 మంది. పాత మెడ నొప్పిలో 22 వారాల దాకా ఉపయోగం కనిపించిందన్నారు. మోకాళ్ల మీద 2019లో బీఎంజే ఓపెన్‌లో. 22 పరిశోధనలు, వెయ్యి మంది పైన. సరైన మోతాదు ఇచ్చినచోట పనిచేసిందట. నడుముకి మాత్రం గట్టిగా చెప్పగలిగింది దొరకలేదు.

వెయిటింగ్ హాల్లో ఆరుగురు. అయిదు నడుములు.

ఏప్రిల్ 7
ఎండలు. పిల్లలకి ఐస్‌క్రీమ్ కొన్నాను. డబ్బా మీద చిన్న అక్షరాలు చదవడం రోగం నాకు. స్టెబిలైజర్ 407. కారజీనన్. సముద్రపు నాచు నుంచి తీస్తారు.

అదే కారజీనన్ ఎలుక పాదంలో సూదితో ఎక్కిస్తే కొన్ని గంటల్లో పాదం వాస్తుంది. వాపు మందుల పరీక్ష దశాబ్దాలుగా అలాగే. లేజర్‌నీ అలాగే పరీక్షించారు. వాపు తగ్గింది.

కప్పు సగం మిగిల్చాను. పెద్దాడు తినేశాడు.

ఏప్రిల్ 10
"1903లోనే నోబెల్ ఇచ్చారు వెలుతురు వైద్యానికి" అన్నారు మాస్టారు, నాకు పాఠం చెప్తూ. నిజమే. నీల్స్ ఫిన్సెన్, డెన్మార్క్. చర్మక్షయానికి.

"అయితే ఎండలో కూర్చుంటే పోలా? ఫ్రీ."

గుంటూరు. ఏప్రిల్. మధ్యాహ్నం రెండు.

కూర్చుని వచ్చారు. మోకాలు అలాగే ఉంది. వడదెబ్బ.

ఏప్రిల్ 13
హైదరాబాద్‌లో డెంటిస్టు అయిన క్లాస్‌మేట్ ఫోన్. క్యాన్సర్‌కి రేడియేషన్, కీమో ఇచ్చేటప్పుడు నోరంతా పూస్తుంది. మంచినీళ్లు కూడా దిగవు. పూయకముందు నుంచే నోట్లో లేజర్ పెడితే తగ్గుతుంది. అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఎక్కింది. లేజర్‌కి ఉన్న సాక్ష్యాల్లో బాగా గట్టిది అదే.

"మీ దగ్గర ఎలా ఉంది?" అంది.

నూనె సంగతి చెప్పాను.

ఏప్రిల్ 18
హమాలీ రెండు రోజులు రాలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లో ఇంజెక్షన్ చేయించుకున్నాడు. ఒక్క సూదితో చెయ్యి పైకి లేచిందట. లేపి చూపించాడు. లైటు ముఖం చిన్నబోయింది.

మనుషులకిచ్చే డైక్లో సీసా ఇప్పుడు 3 మి.లీ. మించి ఉండకూడదు. 2015లో వచ్చిన రూలు. పెద్ద సీసాలు కొని పశువులకి పొడుస్తున్నారని. ఆ పశువులు చస్తే తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చాయి. పశువుల డైక్లో 2006లోనే ఆపారు. తెలంగాణలో బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట మీద, కొన్ని కనిపించాయని ఆ మధ్య సంబరపడ్డారు.

మనుషుల కిడ్నీల కోసం సీసా చిన్నది చేసినట్టు ఎక్కడా చదవలేదు.

"మళ్లీ నొప్పొస్తే ఇంకోటి చేయించుకుంటా" అన్నాడు. క్రియాటినిన్ పరీక్షకి రాసిచ్చాను. చీటీ మడిచి టిక్కీ లెక్కల కాగితాలతో కలిపి జేబులో పెట్టుకున్నాడు.

ఏప్రిల్ 22
కరెంటు పోయింది. లైటూ పోయింది. రెండూ ఒకటే అని పేషెంట్లు తేల్చారు.

ఒకామె వెంట ఆరేళ్ల పిల్ల. ఏడుస్తోంది. ఫోన్ టార్చి వేసి దాని మీద వేలు పెట్టించాను. వేలు చివర ఎర్రగా వెలిగింది. తెల్ల లైటులో మిగతా రంగులన్నీ రక్తం దగ్గరే ఆగిపోతాయి, ఎరుపు ఒక్కటే ఇవతలికి వస్తుంది. మా వైద్యం ఆ రంగు చుట్టుపక్కలే పనిచేసేది అందుకే. పిల్ల అయిదు వేళ్లూ వరసగా పెట్టి చూసింది. తర్వాత వాళ్లమ్మ వేళ్లు. అమ్మ వేళ్లు సరిగ్గా వెలగలేదు. చర్మం మందం. గోళ్ల పక్కన పగుళ్లు.

"మా అమ్మవి పాడైపోయాయి" అంది.

ఏప్రిల్ 28
రెప్ మళ్లీ. ఒక పేషెంటుతో రెండు నిమిషాల వీడియో కావాలట. "బెస్ట్ కేస్ మేడమ్. ముందు, తర్వాత."

మామ్మకి తగ్గింది. పెళ్లి అయిపోయింది కూడా. మాస్టారికి మెట్లు దిగడం తేలికైంది, తొడ కండరానికి నేను చెప్పిన వ్యాయామం కూడా చేస్తున్నారు. అత్తయ్య గ్లాసు త్వరగా పట్టుకుంటోంది, మాత్ర డోసు కూడా పెంచారు.

ఎవర్ని పెట్టను? వీడియో వద్దన్నాను. వాడికి అర్థం కాలేదు.

మే 3
ఒక మణికట్టుకి ఏం తగ్గలేదు. మూడేళ్ల నొప్పట. ఇన్నాళ్లూ గుడ్డ కట్టుకుని పనికెళ్లింది. తాడు చుట్టూ తొడుగు దళసరైపోయింది, వేలు వేసి చూస్తే తెలుస్తోంది. వాపు ఉన్నప్పుడు పనికొస్తుందేమో లైటు. దీనికి కాదు. సర్జన్‌కి చీటీ రాశాను. చిన్న ఆపరేషనే అన్నాను.

"ఎన్నాళ్లు పనికి పోకూడదు?"

చెప్పాను. చీటీ నా బల్ల మీదే వదిలి వెళ్లింది.

మే 12
యార్డుకి వేసవి సెలవులిచ్చారు. మణికట్లు రావడం మానేశాయి. అసిస్టెంటు పిల్ల వరసగా ఫోన్లు చేసింది. తగ్గిందమ్మా. నాకూ తగ్గింది. లైటుతోనేనా? ఏమోనమ్మా, పనిలేదుగా.

రిజిస్టర్‌లో వాళ్ల పేర్లకి ఎదురుగా "మెరుగు" అని రాశాను. దేని వల్లో రాయడానికి గడి లేదు.

యార్డు మళ్లీ జూన్‌లో తెరుస్తారు.